ఏడో నంబరు పాట

1842 నవంబరు 3

ఈ నోటుబుక్కు బడి హాజరు కోసం తెచ్చింది. పాత హాజరుపట్టీలో ఇంకా నలభై పేజీలున్నాయి కాబట్టి దీన్ని నాకే ఉంచుకుంటున్నాను. పొద్దున గంట కొట్టి వచ్చాక, పిల్లలు వచ్చేలోపు అరగంట నాది. ఒకప్పుడు ఆ అరగంటలో పాటలు కట్టేవాణ్ణి. ఇక మీదట ఇది రాస్తాను.

నిన్న సాయంత్రం బంగారు జింక సత్రంలో మా పాటల బృందం కూడింది. పద్నాలుగేళ్ళుగా దాన్ని నడిపిస్తున్నది ఈ ఊరి కాంటర్‌ని, అంటే చర్చి పాటల పంతులుని, నేను. సెప్టెంబరు ఆఖర్లో వచ్చిన రెండో పంతులు జైఫార్ట్, ఆడపిల్లల తరగతివాడు, తను కట్టిన పాట ఒకటి తెచ్చాడు. "కాంటర్ గారూ, మీకు అభ్యంతరం లేకపోతే ఒకసారి పాడించి చూస్తారా?" అన్నాడు. ముప్ఫై మంది ముందు అభ్యంతరం ఉందని ఎలా అంటాను? పాడించాను. రొట్టెల ఇల్గెన్ కళ్ళు తుడుచుకున్నాడు. పిండి పడిందేమో అనుకున్నాను. కాదు. "ఇంకోసారి పాడదాం కాంటర్ గారూ" అన్నాడు.

నేను కట్టినవి ఇప్పటికి రెండువందల పద్నాలుగు. అందులో నూటయాభై అయినా ఇల్గెన్ పాడి ఉంటాడు. ఒక్కదానికీ "ఇంకోసారి" అనలేదు.

నాకు అసూయ లేదు. జరిగింది రాసుకుంటున్నాను, అంతే.

నవంబరు 5

నా భార్య థెక్లా అంట్లు తోముతూ జైఫార్ట్ పాట కూనిరాగం తీస్తోంది. ఎక్కడ విన్నావంటే, "ఊరంతా పాడుతున్నారుగా, చెవులు మూసుకోమంటావా?" అంది.

నవంబరు 6

మళ్ళీ అదే పాట.

నవంబరు 14

పందుల్ని కోసే రోజులు వచ్చాయి. కోసిన ప్రతి ఇంటి నుంచీ పంతులుకి సాసేజి పంపడం మా ఊళ్ళో తాతలనాటి మర్యాద. పంతులంటే ఎవరు? బడి, చర్చిలో ఆర్గన్, పెళ్ళికీ చావుకీ పాట, గంట, గోపురం గడియారానికి చావి తిప్పడం, ఇవన్నీ ఒకే మెడకి తగిలించుకున్నవాడు. అంటే నేను.

ఇల్గెన్ ఇంటి నుంచి నాకు మూరెడు వచ్చింది. జైఫార్ట్‌కి మూరన్నర వెళ్ళింది. నేను కొలవలేదు. తెచ్చిన పనిమనిషి చేతిలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, కళ్ళున్నవాడికి కొలవక్కర్లేదు.

థెక్లాతో అన్నాను. "అతను ఒంటిగాడు, వండిపెట్టేవాళ్ళు లేరు, పాపం" అంది. పాపమట! ఇరవై ఎనిమిదేళ్ళు, తలనిండా జుట్టు, గోపురం మెట్లు రెండేసి ఎక్కేస్తాడు. ఏం పాపం?

సాసేజిలో ఉప్పు ఎక్కువైంది.

నవంబరు 22

ఆల్టెన్‌రోడె పట్నం గాయకుల సంఘం వాళ్ళ ప్రకటన వచ్చింది. వచ్చే జూన్‌లో పెంతెకోస్తు పండక్కి పాటల ఉత్సవం చేస్తారట. మగ గొంతుల కోసం కొత్త పాట కావాలట. నెగ్గిన పాటని ఆరువందల మంది కలిసి పాడతారు, పుస్తకంగా అచ్చు వేస్తారు. నియమాలు గట్టివి. పాట మీద పేరు ఉండకూడదు, గుర్తుగా ఒక మాట ఉండాలి. అదే మాట పైన రాసిన లక్క ముద్ర కవరులో పేరు పెట్టి పంపాలి. కట్టినవాడి చేతిరాత జడ్జీలు గుర్తుపట్టకుండా వేరేవాళ్ళ చేత ఎత్తి రాయించాలి.

సత్రంలో జైఫార్ట్ దాన్ని అందరికీ చదివి వినిపించాడు. "కాంటర్ గారు పంపాలి" అన్నాడు నా వైపు తిరిగి.

"మీరు పంపండి, కుర్రవాళ్ళు" అన్నాను.

"నాదేముంది సార్, నేను నాలుగు రాగాలవాణ్ణి."

ఈ వినయం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గర్వమైతే ఓ మాట అని ఊరుకోవచ్చు. వినయాన్ని ఏం చేస్తాం?

నవంబరు 29

వారం నుంచి ఆ అరగంట ఇందులో రాయకుండా పాటకే కేటాయించాను. ఏమీ రాలేదు. తాళం గీతల మధ్య పడిన రెండు గళ్ళ స్వరాలూ చూస్తే వెనకటి ఈస్టరు పాటవి. నన్ను నేనే ఎత్తి రాసుకుంటున్నాను.

ఒకటి ఉండేది. మా పెళ్ళైన మొదటి చలికాలం, పద్దెనిమిదేళ్ళ కిందట. సాయంకాలం మీద పాట. బడి హాజరు కాగితాల వెనక రాశాను, వేరే కాగితం దొరక్క. దాన్ని పట్టుకెళ్ళి జిల్లా చర్చి అధికారికి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి, "బడిపంతులు రాసినదానికి బాగానే ఉంది" అన్నాడు. ఇంటికొచ్చి పొయ్యిలో పడేశాను. థెక్లా అక్కడే పాలు కాస్తోంది. వెంటనే బయటికెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఆమె మణికట్టుకి గుడ్డ కట్టి ఉంది, పాలు పొంగి కాలిందట. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మా ఇద్దరికీ ఆ రోజు మంచిది కాదు.

ఆ పాట ఉండుంటే పంపేవాణ్ణి. ఇప్పుడు గుర్తు చేసుకుందామంటే మొదలు వస్తుంది, చివర వస్తుంది, నడుమ రాదు.

డిసెంబరు 2

రొట్టెలు కొనడానికి నేనే వెళ్ళాల్సి వచ్చింది. ఇల్గెన్ భార్య గంపలోంచి రొట్టె తీసి ఇస్తూ, "మీ ఆవిడ ధర్మాత్మురాలు కాంటర్ గారూ" అంది.

"ఏం చేసింది?"

"రెండో పంతులు గారి చొక్కాలు కుడుతోందటగా. వారానికి రెండుసార్లు బుట్ట పట్టుకుని వంతెన దాటుతోంది. ఒంటిమనిషికి ఎన్ని చొక్కాలు చిరుగుతాయో ఏమో!" అని నవ్వింది. పక్కనున్న ఇద్దరాడవాళ్ళూ నవ్వారు.

రొట్టె అక్కడే మర్చిపోయి వచ్చాను. మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవడం ఇంకా అవమానం.

థెక్లాని అడగలేదు. ఎందుకడగాలి? చొక్కాలు కుట్టడం తప్పు కాదు.

డిసెంబరు 9

మధ్యాహ్నం గడియారానికి చావి తిప్పడానికి గోపురం ఎక్కాను. అక్కణ్ణుంచి వంతెన, రంగుల అద్దకంవాడి ఇల్లు, దాని మేడమీద జైఫార్ట్ గది కిటికీ, అన్నీ కనిపిస్తాయి. నేను దానికోసం ఎక్కలేదు. శుక్రవారం చావి తిప్పే రోజు.

రెండూ పదికి థెక్లా బుట్టతో వంతెన దాటింది. లోపలికి వెళ్ళింది. మూడూ ఇరవై దాకా బయటికి రాలేదు. డెబ్భై నిమిషాలు. కిటికీలో ఇద్దరి తలలూ దగ్గర దగ్గరగా, బల్ల మీదికి వంగి కనిపించాయి. ఒకసారి అతను ఏదో అంటే ఆమె పకపకా నవ్వడం కూడా కనిపించింది. ఇంట్లో ఆమె అలా నవ్వి ఎన్నేళ్ళైంది? చొక్కాలో నవ్వడానికి ఏముంటుంది?

డిసెంబరు 10

గడియారం ఆగిపోయింది. చావి తిప్పడం మర్చిపోయానట. ఊరంతా ఆలస్యం. పాస్టరు గారు ప్రార్థనకి జనం లేరని వెతుక్కున్నారు. "ఏం కాంటర్ గారూ, కాలాన్నే ఆపేశారే!" అని వీధిలో ఒకటే ఎగతాళి. జైఫార్ట్ మాత్రం నవ్వలేదు. "చలికి పళ్ళచక్రాలు బిగుసుకుంటాయి" అని నన్ను వెనకేసుకొచ్చాడు. నన్ను! అతను!

డిసెంబరు 26

క్రిస్మస్ ఉదయం ప్రార్థనలో జైఫార్ట్ ఒక్కడే పాడే చోటు ఉంది. నా ఆర్గన్ కొంచెం గట్టిగా మోగింది. అతని గొంతు ఎవరికీ వినపడలేదని పాస్టరు గారు అన్నారు. ఆర్గన్ గొంతు పెద్దది, నేనేం చేయను?

ఇంటికొచ్చాక థెక్లా బాతుమాంసం వడ్డిస్తూ అంది, "ఆర్గన్ గొంతు పెంచే మీటలన్నీ లాగేశావు గోట్లోబ్. నేను చూశాను."

"నువ్వు చూడాల్సింది నన్ను కాదుగా" అన్నాను.

ఆమె గరిటె బల్ల మీద పెట్టి నా వైపు చూసింది. తర్వాత, "ఉండు, నీకు తెలుస్తుంది" అంది. పళ్ళెం పక్కకి తోశాను. ఏం తెలుస్తుంది నాకు?

1843 జనవరి 8

థెక్లా వేళ్ళకి సిరా.

"ఎక్కడిది?"

"ఉత్తరం రాశాను."

"ఎవరికి?"

"నువ్వు గోపురం ఎక్కి చూడు, కనిపిస్తుందేమో!"

తెలుసన్నమాట. ఆ రోజు పైకి చూసిందన్నమాట. తల కొట్టేసినట్టయింది. అయినా తప్పు నాదెలా అవుతుంది? నేను గడియారం కోసం ఎక్కాను.

ఇవాళ్టి నుంచి ఆమెతో పనికి తప్ప మాట్లాడను.

జనవరి 15

మాట్లాడలేదు.

జనవరి 22

మాట్లాడలేదు. ఆమె ఏమీ బాధపడుతున్నట్టు లేదు. అంట్లు తోముతూ కూనిరాగాలే.

జనవరి 31

దేవుడున్నాడు! ఆల్టెన్‌రోడె నుంచి సంఘం కార్యదర్శి, పుస్తకాల బోట్నర్ గారు, ఉత్తరం రాశారు. ముగ్గురు జడ్జీలలో ఒకాయనకి కీళ్ళవాపు వచ్చి మంచం దిగలేకపోతున్నాడట. గడువు దాటింది, పాటలన్నీ చేరాయి, ఆయన స్థానంలో నన్ను కూర్చోమంటున్నారు. తీర్పు చెప్పే దాకా ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పనని ప్రమాణం చేయాలి. తమరు పోటీకి ఏమీ పంపలేదు కదా అని అడిగారు. పంపలేదు. నిజాయితీగా రాసి ప్రమాణంతో సహా పంపేశాను.

జైఫార్ట్ పంపే ఉంటాడు. వాడి పాట నా బల్ల మీదికి వస్తుంది. నాకు పక్షపాతం లేదు. నూటికి నూరుపాళ్ళు న్యాయంగా చూస్తాను. న్యాయంగా చూస్తే ఎవరి పాట ఎంతో తేలిపోతుంది.

థెక్లాకి చెప్పకపోవడం ఎంత సులువు! ఎలాగూ మాట్లాడటం లేదు.

ఫిబ్రవరి 14

కట్ట వచ్చింది. బడికి తెప్పించుకున్నాను, ఇంటికి కాదు. పదకొండు పాటలు. ఆరో నంబరు దాకా చూసి పక్కన పెట్టాను. ఏవో సైనికుల కవాతులు, ద్రాక్షసారాయి పాటలు.

ఏడో నంబరు. దాని గుర్తుమాట "నిప్పు నుంచి మిగిలినది." అక్షరాలు చూడగానే తెలిసింది. జైఫార్ట్ చేతిరాత. పక్క గదిలో నల్లబల్ల మీద రోజూ చూస్తున్నాను, నాకు తెలియదా? స్వరానికి తోక ఎడమ వైపు వంచుతాడు. వేరేవాళ్ళ చేత ఎత్తి రాయించాలన్న నియమం కూడా పాటించలేదు, చూశావా పొగరు! నియమాలు మాలాంటి వాళ్ళకి. ఆయనగారికి అక్కర్లేదు.

ఆర్గన్ మీటల మీద వాయించి చూశాను.

వాయించి చూశాను.

నా పాట అది.

ఫిబ్రవరి 15

నిన్న ఇంక రాయలేకపోయాను. పిల్లలకి ఎక్కాలు ఇచ్చి వెనక గదిలో కూర్చున్నాను.

నా సాయంకాలం పాట. హాజరు కాగితాల వెనక రాసి పొయ్యిలో వేసిన పాట. కిందిగొంతు మెల్లగా దిగే చోటు కూడా నాదే, పై గొంతు ఆగిపోయాక రెండో గొంతు ఒక్కటే మిగిలే చోటు కూడా నాదే. ఆ చోటు కట్టినప్పుడు కిటికీ బయట మంచు పడుతోంది, థెక్లా నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తోంది. ఒకసారి తిప్పి చూసిన ఆ అధికారిని వదిలేస్తే, ఈ పాట ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకడు నేను. నేను జైఫార్ట్‌కి చెప్పలేదు.

ఆమె పాడి వినిపించింది. డెబ్భై నిమిషాలు తలలు దగ్గర పెట్టుకుని చేసింది ఇదీ. ఆమెకి పాట కంఠస్థం, అతనికి చేతిరాత ఉంది. చొక్కాలట!

ఇంకేం ఇచ్చి ఉన్నా భరించేవాణ్ణేమో. అబద్ధం, భరించేవాణ్ణి కాను. కానీ నా పాట ఇచ్చేసింది. నా దగ్గర ఉన్న ఒకే ఒక్క మంచి పాట.

నడుమ ఎనిమిది గళ్ళు నావి కావు. నా నడుమ భాగం ఇలా ఉండేది కాదు. అసలెలా ఉండేదో గుర్తు లేదు కానీ ఇలా మాత్రం కాదు, నాకు ఇలా వచ్చి ఉంటే మర్చిపోయేవాణ్ణి కాను. ఆ ఎనిమిది గళ్ళూ పదిసార్లు వాయించాను. పదకొండోసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగకి ఇంత చేతనైనప్పుడు దొంగతనం ఎందుకు చేసినట్టు?

ఫిబ్రవరి 17

నా అభిప్రాయం రాశాను. మూడు చిత్తుప్రతులు. శుద్ధప్రతిలో ఇలా ఉంది: "ఏడో నంబరు దొంగపాట. ఇది 1824లో నేను కట్టింది, ప్రమాణం చేసి చెప్పగలను. నడుమ ఎనిమిది గళ్ళు మాత్రం దొంగ సొంతం. అవి బాగున్నాయని ఒప్పుకోక తప్పదు. ఈ చేతిరాత రోడెన్‌టాల్ రెండో పంతులు జైఫార్ట్‌ది. నలుగురిలో కవరు తెరిపించి అతని పేరు చదివించాలని కోరుతున్నాను."

"ఒప్పుకోక తప్పదు" అన్న మాట రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. నేను న్యాయమైన మనిషిని.

ఫిబ్రవరి 20

థెక్లా తనంతట తనే పలకరించింది. "పెంతెకోస్తుకి నీకు కొత్త కోటు కుట్టించాలి గోట్లోబ్. ఈ మోచేతులు చూడు."

"నేనెక్కడికి వెళ్తున్నానని కొత్త కోటు?"

"ఏమో, ఆల్టెన్‌రోడె ఉత్సవానికి వెళ్దాం. నువ్వూ నేనూ. పాటలు విందాం." మొహం వెలిగిపోతోంది. పెళ్ళినాటి మొహం.

వాడి పేరు పిలుస్తుంటే పక్కన నేను కూర్చుని చప్పట్లు కొట్టాలి, కొత్త కోటులో! గోడ వైపు తిరిగాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుని చిరుగులో వేలు పెట్టి ఆడించింది. చెయ్యి విదిలించుకుని వచ్చేశాను.

ఒక్క మాట అడిగితే పోయేది. "ఆ పాట వాడికెందుకిచ్చావు?" ఒక్క మాట. కానీ ప్రమాణం చేశానుగా, ఎలా అడుగుతాను?

మార్చి 8, బుధవారం

మధ్యాహ్నం బడి లేదు. ఆల్టెన్‌రోడె దాకా నడిచే వెళ్ళాను. దారంతా చదవాల్సింది పైకి వల్లించుకుంటూ వెళ్ళాను.

బోట్నర్ గారి దుకాణం వెనక గది. మిగతా ఇద్దరు జడ్జీలు, ఆరుగురు సంఘం పెద్దలు. మిగతా ఇద్దరూ ఏడో నంబరుకే మొదటి స్థానం ఇచ్చారు. ఒకాయన, "ఇలాంటి పాట నేను ఇరవై ఏళ్ళలో చూడలేదు" అన్నాడు. ఆ మాట నాకు దక్కాల్సింది. లేచి నిలబడి చదివాను. గొంతు బాగా పలికింది. బోట్నర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మామూలుగా నెగ్గిన కవరే తెరుస్తాం. ఇంత పెద్ద మాట వచ్చాక తెరవక తప్పదు" అని లక్క చిదిపారు.

లోపల కాగితం థెక్లా చేతిరాత. దూరం నుంచే గుర్తుపట్టాను.

బోట్నర్ గారు చదివారు: "గోట్లోబ్ రెన్నర్ట్, కాంటర్, రోడెన్‌టాల్. ఇది పంపిన సంగతి ఆయనకి తెలియదు, తెలిస్తే ఒప్పుకోరు. పొయ్యిలోంచి తీసిన కాగితాల్లో ఎనిమిది గళ్ళు కాలిపోయాయి. అవి పూరించి, పాటంతా ఎత్తి రాసి ఇచ్చింది జైఫార్ట్ గారు. తన పేరు వద్దన్నారు. థెక్లా రెన్నర్ట్, భార్య."

రెండుసార్లు చదివారు. రెండోసారి ఎందుకో తెలియదు.

ఎవరో, "అయితే రెన్నర్ట్ పాటని రెన్నర్టే దొంగిలించాడన్నమాట" అన్నారు. నవ్వు మొదలైంది, మధ్యలో ఆగింది. నా మొహం చూసి ఆపేశారనుకుంటాను. బోట్నర్ గారు మాత్రం నవ్వలేదు. "చేతిరాత జైఫార్ట్‌దైతే పాట అతనిది కాదని అర్థం కదండీ కాంటర్ గారూ. నియమమే అది. ఎంత చదివారో, ఇంత చిన్న సంగతి ఎలా తట్టలేదు?" అన్నారు మెల్లగా.

ఎలా తట్టలేదు.

జడ్జీ పాట పోటీలో ఉండకూడదు. ఏడో నంబరు తీసేశారు. మూడో నంబరు, సారాయి పాట, నెగ్గింది. నా సంతకం కూడా కావాలన్నారు. పెట్టాను.

మార్చి 9

బడి. వాన.

మార్చి 10

థెక్లాకి చెప్పాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. మొత్తం చెప్పాను, చదివిన అభిప్రాయం కూడా. చెక్కు తీయడం ఆపలేదు. ఆ గిన్నె నిండిపోయింది, ఇద్దరికి అన్ని ఎందుకు?

"నన్ను అడగొచ్చుగా" అంది చివరికి.

"ప్రమాణం చేశాను."

"నవంబరు నుంచా?"

గిన్నెలోంచి ఒక దుంప తీసి మళ్ళీ అందులోనే వేశాను.

"నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"చెబితే మళ్ళీ పొయ్యిలో వేస్తావు." కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. మణికట్టు నా ముందు పెట్టింది. "పాలు పొంగి కాలిందని ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. పాలు అప్పటికి దించేశాను. నువ్వు నమ్మావు. పద్దెనిమిదేళ్ళు నమ్మావు. ఒక్కసారైనా చూశావా, ఇది పాలు పొంగితే అయ్యే మచ్చేనా అని?"

చూశాను. అప్పుడు చూశాను. వేళ్ళ వైపు నుంచి పైకి పాకింది మచ్చ. చెయ్యి పొయ్యిలో పెట్టినవాళ్ళకి అయ్యే మచ్చ.

"నా పెట్టెలో అడుగున దాచాను. జైఫార్ట్ వచ్చాక, ఎత్తి రాయగలిగిన మనిషి దొరికాడు కదా అనుకున్నాను. నేను వెళ్తే నువ్వు గోపురం ఎక్కి చూశావు. చూశావని తెలిసి నవ్వుకున్నాను. సంతోషమేసింది కూడా, నిజం చెప్పాలంటే. నన్ను చూడటానికి అన్ని మెట్లు ఎక్కావని." ఆమె మణికట్టు వెనక్కి తీసుకుంది. "ఆరువందల మంది, గోట్లోబ్! ఆరువందల మంది నీ పాట పాడుతుంటే నీ పక్కన కూర్చోవాలనుకున్నాను. అంతే నేను కోరుకున్నది."

ఆమె ఏడవడం నేను ఎప్పుడూ రాసుకోలేదు. ఇవాళ రాస్తున్నాను.

మార్చి 19

జైఫార్ట్‌ని తప్పించుకు తిరిగాను పది రోజులు. ఒకే బడిలో అది ఎంత కష్టమో! ఇవాళ ప్రార్థన అయ్యాక ఆర్గన్ మెట్ల దగ్గర పట్టుకున్నాడు. అతనికి అంతా తెలుసు. దొంగ అన్న మాట కూడా.

క్షమాపణ వల్లించుకుని ఉన్నాను. సగంలో మర్చిపోయాను. అతను నేల చూస్తూ, "వదిలేయండి కాంటర్ గారూ. క్రిస్మస్ నాడే అర్థమైంది నాకు, నా మీద ఏదో కోపం ఉందని. అంత పెద్ద ఆర్గన్ ఎప్పుడూ వినలేదు" అన్నాడు. చిన్నగా నవ్వాడు. ఆ తర్వాత, "ఆ ఎనిమిది గళ్ళూ కొట్టేసి మీవి రాసుకోండి. కాలిపోయింది కాబట్టి ఏదో అతుకు వేశాను" అన్నాడు.

అతుకు!

ఏప్రిల్ 3

పదిహేను రోజుల నుంచి ఆ ఎనిమిది గళ్ళు నేనే రాయాలని చూస్తున్నాను. థెక్లా దాచిన కాగితాలు ఇచ్చింది. అంచులు నల్లగా ఉన్నాయి, పద్దెనిమిదేళ్ళ కిందటి నా చేతిరాత, వెనక ఎప్పుడో ఎదిగిపోయిన పిల్లల హాజరు. కాలిన చోటు దగ్గరికి రాగానే నా చెయ్యి ఆగిపోతుంది. తొమ్మిది రకాలుగా రాశాను. తొమ్మిదీ సరిగ్గానే ఉన్నాయి, తప్పు పట్టడానికి లేదు. అతని అతుకు పక్కన పెడితే తొమ్మిదీ బడిపంతులు రాసినవి.

పొయ్యిలో వేయలేదు. సొరుగులో పెట్టాను.

జూన్ 5

నిన్న పెంతెకోస్తు. ఆల్టెన్‌రోడె వెళ్ళాం, నేనూ థెక్లా. కొత్త కోటు కుట్టించింది, ఆపలేదు. ఆరువందల మంది సారాయి పాట పాడారు. బాగానే పాడారు. ఆమె చివరిదాకా కూర్చుంది. అయిపోయాక చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. దారిలో ఆమె చెయ్యి నా మోచేతిలో ఉంది. ఏమీ మాట్లాడుకోలేదు. అలిగి కాదు.

జూన్ 14

మా బృందం సాయంకాలం పాట నేర్చుకుంటామంది. ఇల్గెన్ పట్టు పట్టాడు. ముప్ఫై ప్రతులు ఎత్తి రాయాలి. పైన కట్టినవాడి పేరు రాయాలి. నా పేరు రాశాను. కింద జాగా ఉంది. ఆ జాగా చూస్తూ మూడు పొద్దులు గడిపాను. "జైఫార్ట్ తన పేరు వద్దన్నాడు కదా" అని మొదటి పొద్దు. "అతనే అతుకు అన్నాడు కదా" అని రెండో పొద్దు.

ఇవాళ రాశాను. "నడుమ ఎనిమిది గళ్ళు: ఎడ్విన్ జైఫార్ట్." ముప్ఫై ప్రతుల్లోనూ రాశాను. ముప్ఫయ్యో ప్రతికి కూడా చెయ్యి తేలిక పడలేదు.

జూన్ 21

సత్రంలో పాడారు. ఆడవాళ్ళకి బృందంలో చోటు లేదు కాబట్టి థెక్లా గుమ్మం దగ్గర నిలబడి వింది. ఇల్గెన్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంకోసారి" అన్నాడు. నా పాటకి. ఎక్కడ తుడుచుకున్నాడో చూశాను, చూడకుండా ఉండలేకపోయాను. నడుమ ఎనిమిది గళ్ళ దగ్గర.

జూన్ 22

థెక్లా అంట్లు తోముతూ పాడుతోంది. సాయంకాలం పాటే. బయట అరుగు మీద కూర్చుని వింటున్నాను. నడుమకి వచ్చేసరికి గొంతు కాస్త పెరిగింది. పెరిగిందో, నాకే అలా వినపడిందో.

నాకు అసూయగా ఉంది. నవంబరు నుంచి ఉంది. జరిగింది రాసుకుంటున్నాను.

లోపలికి వెళ్ళి గుడ్డ తీసుకుని కడిగిన పళ్ళేలు తుడవడం మొదలుపెట్టాను. ఆమె పాట ఆపి నా మొహం చూసింది. ఈ మధ్య ఆమె ఇట్టే కనిపెట్టేస్తోంది, లేదా ఎప్పుడూ కనిపెడుతూనే ఉందేమో.

"ఆ ఎనిమిది వదిలేసి పాడనా?" అంది.

"వద్దు" అన్నాను. "ఉండనీ. మొదటి నుంచి పాడు."